ఏజియన్ గాలికి మన రుతుపవనంతో చుట్టరికం

సెలవులకి వెళ్లేవాళ్లు ముందు ఊరు అనుకుంటారు, తర్వాత టిక్కెట్లు, బస చూసుకుంటారు, ఆఖర్న వాతావరణం సంగతి ఆరా తీస్తారు. కైట్‌సర్ఫింగ్ కోసం వెళ్లేవాళ్ల లెక్క దీనికి తలకిందులు. గాలి ఏ నెలలో వీస్తుంది, ఏ దిక్కు నుంచి, ఎంత జోరుగా, ఎన్ని రోజులు ఆగకుండా? ఇవి తేలాకే ఊరు, ఊరు తేలాకే గది. కాళ్లకి ఒక పలక, నడుముకి బిగించిన హార్నెస్, దానికి ఇరవై మీటర్ల పైచిలుకు తాళ్లతో తగిలించిన పెద్ద గాలిపటం. ఆటకి కావలసిన సరంజామా అంతా ఇదే. ఇంజను లేదు. గాలి పడిపోతే మనిషి నీళ్లలో తేలుతూ ఉండిపోతాడు. గాలి మితిమీరితే ప్రాణం మీదికొస్తుంది.

ఈ ఆటకి ఐరోపాలో పేరుపడ్డ చోట్లలో గ్రీసు, టర్కీల నడుమ ఉన్న ఏజియన్ సముద్రం ముఖ్యమైనది. అక్కడి దీవుల మీద జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, ఎండ ఫెళ్లున కాస్తూంటుంది, అయినా గాలి ఒక్కోసారి రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం పొడుగునా హోరెత్తిపోతుంది. మనకి ఈదురుగాలి అంటే దాని వెనకే వాన ఉండాలి. వాన ఊసే లేని ఈ గాలిని నడిపిస్తున్నదేమిటి? కూపీ లాగితే దారి తిన్నగా మన ఆషాఢ శ్రావణాల దగ్గరికే వస్తుంది. దీవి ఎంచుకోవడానికైనా, గాలిపటం సైజు ఎంచుకోవడానికైనా ఆ దారి తెలిసి ఉంటే పని సులువు. ముందు పైనుంచి మొదలుపెడదాం.

ఎడమచెయ్యి చూపించే దిక్కు

సిక్లడీస్ దీవుల్లో పెద్దదైన నాక్సోస్‌లో పడమటి ఒడ్డున, ఆగస్టు మధ్యాహ్నం, మెల్టెమి వీపుకి తగిలేలా నిలబడ్డారనుకోండి. మీ ముఖం దక్షిణానికి ఉంటుంది. ఎడమచెయ్యి పక్కకి చాపండి. ఆ దిక్కున టర్కీ, దాని వెనక ఇరాన్, ఇంకా పోతే పాకిస్తాన్, రాజస్థాన్. కుడిచేతి వైపు గ్రీసు ప్రధాన భూభాగం, బాల్కన్ దేశాలు. గాలికి వీపు పెట్టి నిలబడితే ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుందని డచ్చి వాతావరణ శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1857లో సూత్రం కట్టాడు. అధికపీడనం నుంచి అల్పపీడనానికి తిన్నగా పోదామనుకున్న గాలిని భూభ్రమణం కుడివైపుకి తిప్పేస్తుంది. అందుకే పడమటి నుంచి తూర్పుకి పోవలసిన గాలి ఏజియన్ మీద ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది.

ఎడమచేతి వైపున్న ఆ అల్పపీడనం మనకి పాత పరిచయమే. వేసవిలో పాకిస్తాన్, వాయవ్య భారతాల నేల మాడిపోయి అక్కడ పీడనం పడిపోతుంది. నైరుతి రుతుపవనాలని అరేబియా సముద్రం మీంచి లోపలికి లాక్కొచ్చేది ఆ పల్లమే. దాని కొస ఒకటి ఇరాన్, ఇరాక్‌ల మీదుగా టర్కీ దక్షిణపు అంచు దాకా సాగి ఉంటుంది. దానికి పర్షియన్ ద్రోణి అని పేరు. రేడియోలో వాతావరణ వార్తలు విన్న ప్రతి తెలుగువాడికీ ద్రోణి అంటే తెలుసు. ఈ ద్రోణి కుదురుకోవడంలో ఇరాన్ పర్వతాలకీ, కాగిన అనటోలియా నేలకీ కూడా పాత్ర ఉంది కాని, వెనక ఉన్న పెద్ద బలం మన రుతుపవనానిదే. అటు బాల్కన్ల మీద అధికపీడనం, ఇటు ద్రోణి. రెండింటి మధ్య ఇరుకున పడిన ఏజియన్ మీద సమపీడన రేఖలు దగ్గర దగ్గరగా నొక్కుకుపోతాయి. రేఖలు ఎంత దగ్గరైతే గాలి అంత జోరు.

చుట్టరికం ఇక్కడితో ఆగదు. బ్రిటన్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ రాడ్వెల్, బ్రయన్ హాస్కిన్స్ 1996లో ఒక పెద్ద సంగతి చూపించారు. బంగాళాఖాతం మీదా ఉత్తర భారతం మీదా రుతుపవన మేఘాలు కురిసేటప్పుడు ఆవిరి నీరుగా మారుతూ విపరీతమైన వేడిని వదులుతుంది. ఒక్క కిలో ఆవిరి నీరైతే దాదాపు 25 లక్షల జౌళ్లు. ఆ వేడికి గాలి పైకి లేస్తుంది. ఆ కుదుపు వాతావరణంలో ఒక మహా తరంగంగా పడమటికి పాకుతుంది. మధ్యధరా తూర్పు భాగం దగ్గర అది ఐరోపా మీంచి వచ్చే పడమటి గాలులతో కలిసేచోట గాలి కిందికి దిగుతుంది. దిగే గాలి నొక్కుకుని వేడెక్కుతుంది, వేడెక్కిన గాలిలో మబ్బు నిలవదు. మన దగ్గర వాన కురవడానికీ, అక్కడ అదే నెలల్లో చినుకు పడకపోవడానికీ మూలం ఒకటే. శ్రావణంలో గోదావరి పొంగుతుంటే నాక్సోస్‌లో గడ్డి ఎండి పసుపెక్కడం నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే నచ్చిన జంట దృశ్యం.

ఇలా దిగివచ్చే వెచ్చని గాలి సముద్రం మీద ఒక మూత వేసినట్టు పరుచుకుంటుంది. మూత కింద ఉత్తరం నుంచి వచ్చే చల్లని మెల్టెమి పలచటి పొరగా పారుతుంది. ఈ మూత సంగతి గుర్తుంచుకోవాలి. దీవుల మధ్య గాలి ఎందుకంత వింతగా ప్రవర్తిస్తుందో అర్థం కావడానికి అదే తాళంచెవి.

అయితే రుతుపవనం వేసేది పునాది మాత్రమే. ఈ వారం గాలి ఉంటుందా, వచ్చే వారం ఉంటుందా అన్నది ఐరోపా వాతావరణం చేతిలో ఉంది. మధ్య ఐరోపా మీదుగా ఒక అల్పపీడనం తూర్పుకి దాటిపోయి దాని వెనక అధికపీడనం బాల్కన్ల మీద పేరుకున్నప్పుడల్లా మెల్టెమి విజృంభిస్తుంది. ఆ అధికపీడనం బలహీనపడితే రెండు మూడు రోజులు సముద్రం నూనెలా నిలిచిపోతుంది. కాబట్టి వారం తిరక్కుండా వెనక్కి వచ్చేసే ప్రయాణం పెట్టుకోవద్దు. పది రోజులుంటే ఒక విజృంభణ చేతికి దొరికే అవకాశం బాగా ఉంటుంది.

పాతకాలపు సాక్షులు

పాత గ్రీకులు ఈ గాలుల్ని ఎటీసియన్లు అన్నారు. వేసవి అయనం తర్వాత, లుబ్ధక నక్షత్రం ఉదయించే రోజుల్లో ఇవి వీస్తాయనీ, పగలు వీచి రాత్రి తగ్గుతాయనీ అరిస్టాటిల్ తన వాతావరణ గ్రంథంలో రాశాడు. క్రీ.పూ. 351లో వక్త డెమోస్తనీసు ఏథెన్సు సభలో మాట్లాడుతూ మాసిడోనియా రాజు ఫిలిప్ ఈ గాలులు వీచే రోజులు చూసి దండెత్తుతున్నాడని మొత్తుకున్నాడు. ఎదురుగాలిలో ఏథెన్సు నౌకలు ఉత్తరానికి వెళ్లలేవు మరి.

గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నైలు నదికి ఎండాకాలంలో వరద ఎందుకొస్తుందని అప్పటి పండితులు తర్కించుకునేవారు. ఎటీసియన్ గాలులు నదీముఖాన్ని అడ్డగించి నీళ్లని వెనక్కి నెట్టడం వల్లేనని ఒక వాదం. గాలులు వీయని ఏళ్లలోనూ నైలు పొంగింది కదా అని హెరొడోటస్ ఆ వాదాన్ని కొట్టిపారేశాడు. ఆయన తర్కం సరైనదే. ఇథియోపియా కొండల మీద కురిసే వేసవి రుతుపవన వానల వల్ల ఆ వరద వస్తుందని ఇప్పుడు మనకి తెలుసు.

ఈ గాలికీ మన తీరానికీ వర్తకులు వేసిన ముడి కూడా ఉంది. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ భారతదేశపు దారి వివరిస్తూ, ఎటీసియన్లు వీస్తుండగా అలెగ్జాండ్రియా దగ్గర్నుంచి నైలు మీద ఎగువకి కోప్టోస్ చేరడానికి 12 రోజులన్నాడు. అక్కణ్నుంచి ఎడారి దాటి ఎర్రసముద్రపు బెరెనికే రేవు, ఆపైన నైరుతి రుతుపవనం మీద తెరచాప ఎత్తి మలబారు తీరం. అదే కాలపు మరో నౌకాయాన గ్రంథం పెరిప్లస్ మసాలియాలో సన్నని నూలుబట్టలు నేస్తారని చెబుతుంది. అది మన మచిలీపట్నం ప్రాంతమని చరిత్రకారుల గుర్తింపు. ఒకే యంత్రానికి ఉన్న రెండు చక్రాల మీద ఆ వర్తకులు, యంత్రం సంగతి తెలియకుండానే, వరసగా ప్రయాణం చేశారు.

ఏ నెల, ఏ దీవి

మెల్టెమి మే చివర్లో అప్పుడప్పుడూ తొంగిచూస్తుంది, జులై, ఆగస్టుల్లో పూర్తి బలంతో ఉంటుంది, సెప్టెంబరు చివరికి సన్నగిల్లుతుంది. బలమైన రోజుల్లో గాలి జోరుని కొలిచే బోఫర్ట్ కొలబద్ద మీద 6, 7 మామూలే, అంటే 22 నుంచి 33 నాట్లు. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. ఆట బాగా వచ్చినవాళ్లకి ఇది పండగ. నేర్చుకునేవాళ్లకి మాత్రం ఆగస్టు వద్దు. జూన్ రెండో సగంలోగానీ సెప్టెంబరులోగానీ వెళ్లండి. గాలి మెత్తబడుతుంది, రద్దీ తగ్గుతుంది, సెప్టెంబరు నీళ్లు జూన్ నీళ్లకంటే వెచ్చగా కూడా ఉంటాయి. అసలు తొలిపాఠాలు మన రామేశ్వరంలోనే నేర్చుకుని వెళితే ఇంకా నయం. అక్కడ వేసవిలో వీచే నైరుతి గాలి కూడా ఈ కుటుంబానిదే.

దిక్కు విషయానికొస్తే, మెల్టెమి ఏజియన్ అంతటా ఒకే దిక్కు నుంచి వీయదు. ద్రోణి చుట్టూ వంపు తిరుగుతుంది కాబట్టి ఉత్తరాన లిమ్నోస్‌లో అది ఈశాన్యం గాలి, నడుమ నాక్సోస్, పారోస్‌లలో ఉత్తరపు గాలి, ఆగ్నేయాన రోడ్స్‌లో వాయవ్యం గాలి. తీరం పటం మీద ఈ మూడు బాణాలూ గీసుకుంటే సగం ప్రణాళిక అయిపోయినట్టే.

మిగతా సగం కొండలు, జలసంధులు. పారోస్ పడమటి కొసన పౌండా అనే చోటు ఉంది. ఎదురుగా ఆంటిపారోస్ దీవి, మధ్యలో పడవ పది నిమిషాల్లో దాటేసే ఇరుకు జలసంధి. పైన మూత, పక్కల రెండు దీవులు. గాలికి తప్పుకుపోయే చోటు లేక ఆ సందులో వేగం పుంజుకుంటుంది. నీళ్లేమో లోతు తక్కువ, దీవుల చాటున ఉండడంతో పెద్ద అలలు రావు. సమతలంగా ఉన్న నీళ్ల మీద జోరు గాలి, కైట్‌సర్ఫర్లు వెతుక్కునేది సరిగ్గా ఇదే. ఆ దారినే ఆంటిపారోస్‌కి బల్లకట్టు తిరుగుతూ ఉంటుందని మాత్రం మరవకూడదు.

కార్పతోస్ కథ వేరు. ఆ దీవి వెన్నెముక కాలి లిమ్ని శిఖరం 1,200 మీటర్లు దాటుతుంది. మెల్టెమి పొర పలచన, దాని మీద మూత. కొండ అడ్డొస్తే గాలి పైకి తప్పించుకోలేదు, వీపు మీంచి ఒరుసుకుంటూ అవతలి వైపుకి జారిపడుతుంది, ఆనకట్ట నిండి నీళ్లు అవతలికి దూకినట్టు. దూకిన చోట నీళ్ల ఉరవడి ఎలా ఉంటుందో చూసినవాళ్లకి కార్పతోస్ దక్షిణాన అఫియార్తిస్ తీరంలో గాలి ఎందుకు నడిసముద్రంలో కంటే జోరుగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మనం కొండచాటున గాలి ఉండదనుకుంటాం. ఇక్కడ కొండచాటే గాలికి పుట్టిల్లు. కాని ఇలా జారిపడే గాలి నిలకడగా ఉండదు, విసురుగా వచ్చి సడలి మళ్లీ విసురుతుంది. అందుకే ఆ తీరం విండ్‌సర్ఫింగ్‌లో ఆరితేరినవాళ్ల కోటగా పేరు తెచ్చుకుంది. కొత్తగా కైట్ పట్టినవాళ్లు అటు వెళ్లకపోవడమే మంచిది.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఓటు నాక్సోస్‌కే. పడమటి ఒడ్డున మిక్రి విగ్లా దగ్గర సముద్రంలోకి పొడుచుకొచ్చిన చిన్న రాతి కొమ్ము ఒకటి ఉంది. దానికి ఉత్తరపు పక్క ఇసుకతీరానికి గాలి పూర్తిగా అందుతుంది. దక్షిణపు పక్క ప్రశాంతంగా ఉంటుంది, ఆడనివాళ్లు, పిల్లలు ఈదుకోవచ్చు. ఒక ఇంట్లో అందరికీ ఈ ఆట మోజు ఉండదు కదా. అదే నాక్సోస్‌లో తూర్పుకి జరిగితే సుమారు వెయ్యి మీటర్ల జాస్ కొండ ప్రాంతం గాలిని చిందరవందర చేసేస్తుంది. దీవి ఒకటే అయినా ఒడ్డు మారితే అనుభవం పూర్తిగా మారిపోతుంది.

ఒడ్డుకి ఏ పక్కగా?

ప్రాణం కాపాడేది ఈ ప్రశ్నకి జవాబే. గాలి ఒడ్డు పొడుగునా పక్కగా వీస్తూ కాస్త లోపలికి తోస్తుంటే ఆటగాడికి అంతకంటే కావలసింది లేదు. ఏదైనా తెగినా, కైట్ నీళ్లలో పడిపోయినా గాలే ఒడ్డుకి చేరుస్తుంది. గాలి సముద్రం నుంచి తిన్నగా ఒడ్డుకి కొడుతుంటే ప్రమాదం వేరే రకం. కైట్ ఎత్తగానే మనిషిని ఇసుక మీదుగా రాళ్లమీదికో చెట్లమీదికో ఈడ్చుకెళ్లగలదు. గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంటే అన్నిటికంటే మోసకారి. ఒడ్డు దగ్గర అలలుండవు, చూడ్డానికి చెరువులా ఉంటుంది, పరికరం పాడైతే మాత్రం గాలి మనిషిని నడిసంద్రంలోకి తోసేస్తుంది.

రోడ్స్ దక్షిణపు కొసన ప్రసోనిసి దీన్ని కళ్లకి కట్టిస్తుంది. చిన్న లంకని పెద్ద దీవికి ఇసుకమేట కలుపుతుంది. మేటకి ఒక పక్క సముద్రం వాయవ్యం గాలికి ఎదురు తిరిగి అలలు లేపుతుంది. రెండో పక్క అదే గాలి మేట దాటి సముద్రంలోకి పోతుంది, నీళ్లు చదునుగా పరుచుకుని ఉంటాయి. నాలుగడుగులు వేస్తే ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి మారిపోయినట్టుంటుంది. చదును నీళ్లు చూసి కొత్తవాళ్లు అటు పరిగెడతారు. అక్కడ రక్షణ పడవ సిద్ధంగా ఉందో లేదో ముందు అడిగి తెలుసుకోవాలి. ఏ తీరమైనా సరే, శిక్షణ కేంద్రంలో పేరు రాయించుకునే ముందు వేయవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, పడవ.

గాలిపటం ఎంత?

గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. 20 నాట్ల గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు ఆరున్నర కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. 28 నాట్లకి అది దాదాపు రెట్టింపు. వేగం పెరిగింది సగానికి తక్కువే, లాగుడు మాత్రం రెండింతలు. విసురుగాలి ఎందుకు భయపెడుతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. కార్పతోస్ లాంటి చోట 20 నాట్లకని కట్టిన కైట్ మరుక్షణం రెట్టింపు బలంతో లాగొచ్చు.

ఆటగాళ్లు వాడే ఉజ్జాయింపు సూత్రం ఒకటుంది: శరీరం బరువు కిలోల్లో తీసుకుని గాలి వేగం నాట్లలో పెట్టి భాగించి 2.2తో గుణిస్తే కైట్ వైశాల్యం చదరపు మీటర్లలో వస్తుంది. 75 కిలోల మనిషికి 20 నాట్లలో 8 పైచిలుకు, 28 నాట్లలో 6. వర్గసూత్రం ప్రకారం చూస్తే 28 నాట్లకి నాలుగు చాలాలి కదా అని మీకు తోచవచ్చు. కైట్ ఆకాశంలో ఊరికే నిలబడి ఉండదు. ఆటగాడు దాన్ని అటూ ఇటూ తిప్పుతూ స్వంత గాలిని పుట్టిస్తాడు. కైట్‌ని అదుపుచేసే చేతిలోని బార్‌ని దూరంగా తోసి, రెక్క వాలు మార్చి బలం చంపుకోగలడు కూడా. మెల్టెమి కాలానికి 75 కిలోల మనిషి 9, 7 సైజులు రెండూ పెట్టుకెళితే చాలా రోజులు గడిచిపోతాయి. 12 సైజు జూన్, సెప్టెంబరు వాళ్లకి.

నీళ్లమీద పడ్డ కైట్ మళ్లీ లేవడం ఈ ఆట పుట్టుకకి కీలకం. ఫ్రాన్సుకి చెందిన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ సోదరులు 1984లో అందుకోసమే గాలి ఊదిన గొట్టాల అస్థిపంజరం ఉన్న కైట్‌కి పేటెంటు తీసుకున్నారు. ఒడ్డున కూర్చుని ముందంచు గొట్టాన్ని పంపుతో గట్టిపడేదాకా ఊదడం ఇవాళ్టికీ ప్రతి ఆటగాడూ చేసే మొదటి పని. గొట్టం మీద వేలితో కొడితే డప్పులా మోగాలి. మోగకపోతే నడిసముద్రంలో రెక్క మడతపడుతుంది. 2024 ఒలింపిక్స్‌లో కైట్ పందేలు మొదటిసారి జరిగాయి. మార్సేలో జరిగిన ఆ పందేల్లో రెక్కలు గొట్టాలవి కావు, ఊదకుండానే గాలి నింపుకునే మరో రకం.

సూచనల మాట

ఫోనులో కనిపించే గాలి అంకె ఎక్కడిదో తెలుసుకోవాలి. ఐరోపా వాతావరణ కేంద్రపు నమూనా భూమిని సుమారు 9 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది, అమెరికా నమూనా గళ్లు 13 కిలోమీటర్లు. పౌండా జలసంధి మొత్తం ఒక గడిలో మూలకి సరిపోతుంది. సందులో పుంజుకునే వేగం ఆ నమూనాకి కనిపించదు. అందుకని అంకెకంటే పీడన పటం చూడడం నేర్చుకోండి. బాల్కన్ల మీద అధికపీడనం పేరుకుంటోందా, ఏజియన్ మీద రేఖలు దగ్గరవుతున్నాయా? అవుతుంటే నాలుగైదు రోజుల ముందే సంగతి తెలిసిపోతుంది. గ్రీసు సముద్ర పరిశోధన కేంద్రం నడిపే పొసైడన్ వ్యవస్థ ఏజియన్‌కి ప్రత్యేకంగా సూచనలిస్తుంది. ఒడ్డుకి వెళ్లాక కళ్లే పరికరం. సముద్రం మీద అక్కడొకటి ఇక్కడొకటి తెల్లనురగ ఉంటే 7 నుంచి 10 నాట్లు, ఇంకా ఆట లేదు. ఎటు చూసినా నురగే ఉంటే 17 దాటింది. నురగ గాలివాటున చారలుగా సాగుతుంటే 28 పైమాట, చిన్న కైట్ ఉన్నవాళ్లు కూడా ఇంకోసారి ఆలోచించుకోవాలి.

ఆఖరి సంగతి ఓడలు. నాక్సోస్‌కీ పారోస్‌కీ ఎక్కువమంది పైరియస్ రేవు నుంచి ఓడలో వెళతారు. నాక్సోస్ చేరడానికి పెద్ద ఓడకి అయిదు గంటల పైన పడుతుంది, వేగనౌకకి తక్కువ. మెల్టెమి బాగా ముదిరితే తీరరక్షక దళం ఓడల్ని రేవులోనే ఆపేస్తుంది, వేగనౌకలు పెద్ద ఓడలకంటే ముందే ఆగిపోతాయి. మీరు ఎదురుచూసిన గాలే మీ తిరుగు ప్రయాణానికి అడ్డుపడే రోజులివి. దీవి నుంచి బయల్దేరిన రోజే ఏథెన్సు నుంచి హైదరాబాదు దారి విమానం పెట్టుకోకుండా, మధ్యలో కనీసం ఒక రాత్రి ఏథెన్సులో ఉండేలా చూసుకోండి. టిక్కెట్టు పెద్ద ఓడకే కొనండి.